ఆ ఫారంలో విటమిన్ల మాటే లేదు

సంపాదకుడికి,

అలర్జీ చర్మపరీక్షకు వెళ్తే ముందు ఒక ఫారం చేతికిచ్చారు. 'ప్రస్తుతం ఏవైనా మందులు వాడుతున్నారా?' అన్న ప్రశ్నకు 'లేదు' అని రాశాను. అబద్ధం ఆడాలని కాదు. విటమిన్‌ను మందు అని ఎవరనుకుంటారు?

ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సూదితో పైపైన గుచ్చారు. అందులో ఒకటి హిస్టమిన్, అంటే అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దద్దురు పుట్టించే రసాయనం. ఏ అలర్జీ లేనివాళ్లకైనా అక్కడ దోమ కుట్టినట్టు దద్దురు లేవాలి. పావుగంటైనా నా చేతి మీద లేవలేదు. అదే లేవనప్పుడు మిగతా చుక్కలు లేవకపోతే మాత్రం ఏం తెలుస్తుంది? సెటిరిజిన్ లాంటి అలర్జీ మందేమైనా వేసుకున్నారా అని అడిగారు. లేదన్నాను. చివరికి దొంగ నా బ్యాగులోనే దొరికింది: జలుబుకని నాలుగు రోజులుగా వేడినీళ్లలో కలుపుకుని తాగుతున్న పొడి ప్యాకెట్. ముందువైపు 'విటమిన్ సి' అని పెద్ద అక్షరాలు. వెనకాల, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనబడేంత సన్నగా ఫెనిరమిన్. అది యాంటీహిస్టమిన్, అంటే హిస్టమిన్ పనిని అడ్డుకునే మందు. పరీక్ష వాయిదా పడింది.

వట్టి విటమిన్ సి ఈ పరీక్షను చెడగొడుతుందనడానికి గట్టి రుజువు లేదు. అయినా మొక్కల్లో ఉండే క్వెర్సెటిన్ వంటి వాటిని 'సహజ యాంటీహిస్టమిన్' పేరుతో విటమిన్ల పక్కనే పెట్టి అమ్ముతున్నప్పుడు ఏది ఆపాలో, ఏది ఆపక్కర్లేదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? రక్తపరీక్షల్లోనూ ఇలాంటి తంటా ఉంది. జుట్టుకని మింగే బయోటిన్ కొన్ని ల్యాబ్ ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

యాంటీహిస్టమిన్లను సాధారణంగా 3 నుంచి 7 రోజుల ముందే ఆపాలి. అలాంటప్పుడు పరీక్ష రోజు ఫారం ఇచ్చి ఏం లాభం? అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే విటమిన్లు, జలుబు పొడులు, మూలికల క్యాప్సూల్స్ అని పేరుపేరునా అడగాలి. ప్యాకెట్లన్నీ ఫొటో తీసి పంపమంటే ఇంకా మేలు. అలాగని ఎవరికి వారే అన్నీ మానేయడమూ తప్పే. డిప్రెషన్‌కు వాడే అమిట్రిప్టిలిన్ లాంటి మందులూ దద్దురును అణచేస్తాయి గానీ, వాటిని డాక్టర్‌ని అడక్కుండా ఆపకూడదు. యాంటీహిస్టమిన్ ఉన్న సంగతి ప్యాకెట్ ముందువైపే వేయడానికి కంపెనీలకు వచ్చిన ఇబ్బందేమిటో నాకైతే అర్థం కాలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు కూడా అదే ఫారం, అదే ప్రశ్న. జవాబుకు ఒక్క గీత జాగా. నేను వాడేవన్నీ అందులో పట్టక కాగితం వెనక్కి తిప్పి రాశాను.

– ఒక పాఠకురాలు