చరిత్ర విభాగం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

టోక్యోలోని మన తెలుగువాళ్ల సంఘంలో చరిత్ర విభాగం ఈ ఏడాదంతా ఒకే అంశం పట్టుకుని కూర్చుంది: తొకుగవా షోగన్ల, అంటే జపాన్‌ను ఏలిన తొకుగవా వంశపు సైనిక పాలకుల, పాలన. 1603లో ఇయెయసు షోగన్ అయిన నాటి నుంచి 1867లో పదిహేనో షోగన్ అధికారం వదులుకునేదాకా. జనవరిలో అందరూ అడిగింది సమురాయ్ కత్తుల గురించే. ఏడాది చివరికొచ్చేసరికి మా మాటలన్నీ బియ్యం చుట్టూ తిరుగుతున్నాయి.

ఇందుకు సగం కారణం మార్కెట్టే. వసంతంలో 5 కిలోల సంచి 4,000 యెన్లు దాటేసరికి ఇళ్లల్లో టెన్షన్ మొదలైంది. ఆ రోజుల్లోనే ఒక సమావేశానికి ఒకావిడ రైస్ కుక్కర్ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో పట్టేది 180 మిల్లీలీటర్లు. ఇక్కడివాళ్లు దాన్ని 'గో' అంటారు. వెయ్యి గోలు ఒక 'కొకు', అంటే సుమారు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది బియ్యం. షోగన్ల కాలంలో ప్రభువుల స్థాయిని ఈ కొకుల్లోనే కొలిచేవారు. 10,000 కొకుల రాబడి ఉంటేనే దైమ్యో, అంటే సొంత గడ్డ ఏలే ప్రభువు. కనజవా ఏలిన మాఎదా వంశానిది 10 లక్షల పైమాటే. మన మానికలు, కుంచాలు ఎప్పుడో అటకెక్కాయి. వాళ్ల గో మాత్రం ఇంకా కుక్కర్లో కొలువుంది.

మేలో పాత రహదారి మీది హకోనే తనిఖీ కేంద్రం చూశాం. సెలవురోజు బస్సు టైములు నేను సరిగా చూసుకోకపోవడంతో గంటసేపు అందరూ రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది, మన్నించాలి. 1635లో మూడో షోగన్ ఇయెమిత్సు పెట్టిన కట్టడి ప్రకారం దైమ్యో ఒక ఏడాది ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, మరో ఏడాది సొంత గడ్డ మీద ఉండాలి. భార్య, వారసుడు మాత్రం ఎప్పుడూ ఎడోలోనే. పైకి కాపురం, లోపల తాకట్టు. అందుకే దారుల్లో కాపలావాళ్లు ముఖ్యంగా రెండింటిని వెతికేవారు: ఎడోలోకి వచ్చే తుపాకులు, ఎడో దాటే ఆడవాళ్లు. హకోనేలో ఆడవాళ్లను పరీక్షించడానికి వేరే ఒక స్త్రీ ఉండేది. జుట్టు విప్పించి మరీ చూసేది. మా బృందంలోని ఆడవాళ్లు ఆ గది దగ్గర చాలాసేపు ఆగిపోయారు.

కనజవా ప్రభువు ఎడోకి బయల్దేరితే వెంట రెండు వేల మందికి పైగా నడిచేవారు. సుమారు 480 కిలోమీటర్లు, 12, 13 రోజులు. తిండికి, బసకి, ఆర్భాటానికి ఖజానా కరిగిపోయేది. చేతిలో డబ్బు లేని ప్రభువు తిరుగుబాటు మాట ఎత్తడు కదా.

అక్టోబరులో టోక్యోలోని కురామాఎ పేటలో నడక. షోగన్ బియ్యపు గిడ్డంగులు ఉండేది ఇక్కడే, ఇప్పుడు గుర్తుకి ఒక రాయి మిగిలింది. సమురాయ్‌లకి జీతం బియ్యంగా ముట్టేది. దాన్ని అమ్మిపెట్టే దళారులే రాబోయే బియ్యం మీద అప్పులూ ఇచ్చేవారు. నడుముకి రెండు కత్తులున్నా వడ్డీ ముందు తల వంచాల్సిందే. 1789లో ప్రభుత్వం పాత బాకీలు రద్దు చేస్తే, దళారులు కొత్త అప్పులు ఆపేసి ఆ సమురాయ్‌లనే ఇంకా ఇరకాటంలో పెట్టారు.

నవంబరు చర్చ కాస్త వేడెక్కింది. సమురాయ్, రైతు, చేతిపనివాడు, వర్తకుడు అన్న నాలుగు మెట్లు మన వర్ణాల్లాంటివేనా అని ప్రశ్న. ఆ నిచ్చెన వాడుకలో అంత కచ్చితంగా లేదని ఇప్పటి చరిత్రకారులు అంటున్నారు. అయితే తోలు పని, చచ్చిన పశువుల పని చేసేవాళ్లని వేరుగా ఉంచడం గురించి మాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. 1871లో చట్టం ఆ ముద్ర కొట్టేసింది, వివక్ష మాత్రం పోలేదు. రైతుల గురించి చాలినంత చదవలేకపోయాం. శిస్తు ఊరంతటికీ కలిపి వేసేవారు. వరి పండించినవాడు తినేది చాలాచోట్ల బార్లీ, చిరుధాన్యాలు కలిపిన కూడే. ఇది వచ్చే ఏడాదికి బాకీ.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు. వసంతంలో ఇయెయసు సమాధి ఉన్న నిక్కో వెళ్దామనుకుంటున్నాం. బస్సు టైములు ఈసారి వేరేవాళ్లు చూస్తారు. బల్ల మీద పెట్టిన ఆ కప్పు నా దగ్గరే ఉండిపోయింది, ఆవిడ వచ్చి తీసుకెళ్లాలని మనవి.