ఆదివారం మ్యాచ్‌కు తూటాలు లోడ్ చేసుకుంటున్న సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం జరిగే యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) మ్యాచ్‌లో రివాల్వర్ విభాగంలో పాల్గొంటున్న మనవారిలో చాలామంది .38 స్పెషల్ తూటాలను ఇంట్లోనే లోడ్ చేసుకుంటున్నారు కనుక ఒక విషయం గట్టిగా చెప్పదలిచాను. 1898లో నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కోసం రూపొందిన ఆ తూటా కేస్‌లో, అంటే దాని ఇత్తడి గొట్టంలో, నేటి పొగలేని పౌడర్ అడుగున కొద్దిగా మాత్రమే ఉంటుంది. అందువల్ల పొరపాటున రెండోసారి పోసినా అది పొంగి బయటకు రాకపోవచ్చు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది, తప్పు జరిగినట్టు పైకి తెలియదు. అసలు పౌడరే పడకపోతే ప్రైమర్ (పౌడర్‌కు నిప్పు అంటించే చిన్న మూత) ఒక్కటే బుల్లెట్‌ను బారెల్‌లోకి నెట్టి అక్కడే వదిలేస్తుంది. నిరుడు నాకు ఇదే జరిగింది. చప్పుడు తేడాగా వినిపించగానే, మళ్లీ కాల్చకుండా ఆగిపోయాను కాబట్టి రివాల్వర్, చేయి రెండూ దక్కాయి.

దయచేసి కేసులను లోడింగ్ బ్లాక్‌లో (కేసులు నిలిపే గుంటల పలకలో) నిలబెట్టి, బుల్లెట్లు అమర్చకముందే టార్చి వెలుగులో ఒక్కొక్కదానిలోకీ చూడండి. పౌడర్ మోతాదుకు ప్రచురిత మాన్యువల్‌నే అనుసరించండి, ఈ గ్రూపులో ఎవరో చెప్పిన అంకెను కాదు. 158 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకు 800 అడుగుల వేగంతో వెళితే, ఆ రెండింటినీ గుణించి వేయితో భాగించినప్పుడు పవర్ ఫ్యాక్టర్ (తూటా బలాన్ని సూచించే అంకె) 126.4 వస్తుంది, మైనర్ అనే తక్కువ బలపు స్థాయికి కావలసింది 125 కనుక అంతకు మించి వేగం పెంచడం అనవసరమని నా అభిప్రాయం. క్రోనోగ్రాఫ్ నేను తెస్తాను, ఉదయం ఎనిమిదింటికే వచ్చినవారు తమ తూటాల వేగాన్ని సరిచూసుకోవచ్చు.