మా తమ్ముడు ఎక్కడికీ పోలేదు, మంత్రి గారూ

తమిళనాడు ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా. నేను పల్లావరం దగ్గర ఒక కుట్టు కంపెనీలో పని చేస్తాను. మా తమ్ముడు సెంట్రింగ్ పనికి వెళ్తాడు. వాడి టీబీ మందుల గురించి ఇప్పటికి రెండు అర్జీలు పెట్టాను. రెండోది తమిళం వచ్చిన పక్కింటావిడ చేత రాయించాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి ఫిర్యాదు పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరినడిగినా చెప్పలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

వాడికి టీబీ అని తేలినప్పుడు మీవాళ్లు చూసుకున్న తీరుకు నేను వంక పెట్టను. అదే రోజు బరువు తూచారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు, మాత్రలిచ్చారు, టీబీ రోగుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ కంప్యూటర్‌లోని నిక్షయ్ నంబరు కార్డు మీద రాసిచ్చారు. రెండు నెలలకు కళ్లె పరీక్షలో క్రిములు కనిపించలేదు. నాలుగు కిలోలు బరువు పెరిగాడు. ఇంకో నాలుగు నెలలు వాడితే కోర్సు అయిపోతుందన్నారు. ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి గండం గడిచిందని చెప్పాను.

నాలుగో నెలలో పెరుంబాక్కం సైటు ముగిసింది. మేస్త్రీ అందరినీ శ్రీపెరుంబుదూరు వైపు షెడ్లకు తీసుకెళ్లాడు. ఒక చోట స్లాబు పని అయిపోతే ఇంకో చోటికి కదలడమే సెంట్రింగ్ కూలీ బతుకు. తమ్ముడు కార్డు పట్టుకుని అక్కడి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాడు. ఇతని కేసు మా దగ్గరికి ట్రాన్స్‌ఫర్ కాలేదు, పాతచోటికే వెళ్లమని అక్కడివాళ్లు అన్నారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, మూడు బస్సులు మారి పాతచోటికి వెళ్లాడు. కంప్యూటర్‌లో ఎప్పుడో పంపించేశాం, అక్కడే తీసుకోమన్నారు. మళ్లీ కొత్తచోటికి వెళ్తే ఇంకా కనిపించలేదన్నారు. మాత్రలు అయిపోయిన రోజు వాడు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఇంక నేను తిరగలేను" అన్నాడు. నేను కూడా సెలవు పెట్టి వాడితో వెళ్లాను. ఇద్దరం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. సంబంధించిన సారు లేరన్నారు.

అలా 36 రోజులు మందు పడలేదు.

దగ్గు మళ్లీ మొదలయ్యాక నేనే బతిమాలి వాడిని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ కంప్యూటర్‌లో చూసి, ఇతను మధ్యలో మందు మానేసి ఆచూకీ లేకుండా పోయినట్టు రాసి ఉందన్నారు. ఫోన్ చేశారట, ఎత్తలేదట. రికార్డులో ఉన్నది పాత మేస్త్రీ నంబరు! ఆ 36 రోజులూ మా తమ్ముడు షెడ్డులో చాప మీదే పడుకుని ఉన్నాడు. కార్డు తలగడ కిందే ఉంది. వాడు పారిపోలేదు సార్. గుమ్మం గుమ్మం తిరిగాడు. ఆ మాట రికార్డులోంచి ఎవరు తీసేస్తారు?

తమిళనాడు ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' మా వీధిలోకీ వస్తుంది. మా ఇంటి ఓనరమ్మకు బీపీ మాత్రలు గడప దగ్గరే ఇచ్చి వెళ్తారు. ఆ పేరుకు ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం చెప్పారు. మేము మమ్మల్ని వెతకమని కూడా అడగడం లేదు. మేమే వెతుక్కుంటూ వచ్చినప్పుడు వెనక్కి పంపొద్దు అంటున్నాం.

చెన్నైలోని చెట్‌పట్‌లో క్షయ పరిశోధన సంస్థ ఉంది. టీబీ రోగులను శానిటోరియం అనే ప్రత్యేక ఆసుపత్రిలో పెట్టక్కర్లేదు, ఇంటి దగ్గర మందులు వాడినా అంత బాగానే నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది ఈ ఊరే. ఆ పరిశోధన మద్రాసు పేదల ఇళ్లలోనే జరిగింది. ఇంటికి వెళ్లి మాత్రలు వేసుకున్నారా లేదా అని చూసుకున్నారు కాబట్టే అది నిలబడింది. మరి మూణ్ణెల్లకో ఇల్లు మారే మనిషి సంగతి? ఆ ఇంట్లో మా షెడ్డు లెక్కలోకి రాదా?

2024 నవంబరు నుంచి పోషకాహారానికి నెలకు 500 బదులు 1000 ఇస్తున్నారు. మంచిదే. కానీ చేతిలో మాత్రలు లేనప్పుడు గుడ్లు తిని ఏం లాభం? మధ్యలో ఆపితే మందుకు లొంగని టీబీ వస్తుందని మీ గోడల మీదే బొమ్మలు వేసి రాశారు. ఆ టెన్షన్‌తో పరీక్ష రిజల్టు వచ్చేదాకా నేను నిద్రపోలేదు. మందుకు లొంగే టీబీయేనని తేలింది. కోర్సు మళ్లీ మొదటి నుంచి పెట్టారు.

దయచేసి ఒక్క పని చేయండి. కార్డుతో వచ్చిన మనిషికి, ఏ కేంద్రంలోనైనా, ఆ రోజుకు మాత్రలిచ్చి పంపమని ఆర్డరు వేయండి. ట్రాన్స్‌ఫర్ మీ ఆఫీసులు మీలో మీరు చూసుకోండి. మనిషిని అటూ ఇటూ తిప్పకండి. ఫోన్ ఎత్తకపోతే ఇంట్లోవాళ్ల నంబరు ఇంకొకటి రాసుకోండి, మాట్లాడటానికి తెలుగు వచ్చినవాళ్లను పెట్టండి. మళ్లీ అదే చెబుతున్నాను, ముందు మాత్రలివ్వండి.

వచ్చే నెల ఒరగడం సైటుకు వెళ్లాలని మేస్త్రీ అప్పుడే చెప్పాడు. తమ్ముడి దగ్గర 12 రోజుల మాత్రలున్నాయి. పదమూడో రోజు వాడు ఏ గుమ్మానికి వెళ్లాలో మీరే చెప్పండి.

ఇట్లు,
ఆ అబ్బాయి అక్క
పల్లావరం, చెన్నై