తోడేళ్ల ఊరి నుంచి పిన్నికి

రిచ్‌లాండ్, వాషింగ్టన్ రాష్ట్రం

పిన్నీ,

మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను నీళ్లు నమిలానని కోపం వచ్చి ఉంటుంది. బాబాయి స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చున్నాడు కదా, ఇలాంటివి ఆయన ముందు మాట్లాడాలంటే నాకు మొహమాటం. అందుకే కాగితం పట్టుకున్నాను.

చెల్లాయి అర్ధరాత్రి దాకా ఫోన్లో చదివేవి ఏం కథలోనని నీ టెన్షన్. మనిషి తోడేలుగా మారే కథలు. నువ్వు చూసిన ఆ బొమ్మ, చొక్కా లేని మగాడు, వెనకాల చందమామ, దాన్ని చూసి నేనూ మొదట్లో నవ్వుకున్నాను. తమాషా ఏంటంటే నేనుంటున్నదే ఆ తోడేళ్ల ఊళ్లో. ప్యాట్రీషియా బ్రిగ్స్ అనే ఆవిడ 2006లో మొదలుపెట్టిన నవలల్లో కథ ఈ రిచ్‌లాండ్, కెన్నెవిక్, పాస్కో ఊళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఇక్కడ కొలంబియా నదిలో ఇంకో రెండు నదులు కలుస్తాయి. నది అనగానే మన వశిష్ఠ గట్టులా ఊహించుకోకు. నీళ్లు పెట్టినంత మేర ద్రాక్ష, చెర్రీ తోటలు, అది దాటితే ఎండు పొదలూ దుమ్మూ. మొదటి ఏడాది కొబ్బరిచెట్టు కలలోకి వచ్చేది.

ఆ నవలల్లో మెర్సీ అని ఒకమ్మాయి. కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతుంది. తోడేలు కాదు, కయోటీగా మారుతుంది. నక్కకీ తోడేలుకీ మధ్య రకం అనుకో. వాళ్ల పక్కింటాయన ఆడమ్, తోడేళ్ల గుంపుకి నాయకుడు. ఆ గుంపులో మగాళ్లకి బలాన్ని బట్టి ఎవరి మెట్టు వాళ్లది. ఆడవాళ్లకి మాత్రం మొగుడి మెట్టే మెట్టు. మొగుడు లేనివాళ్లు అందరికంటే అడుగున.

అది చదవగానే నువ్వే గుర్తొచ్చావు. నరసాపురంలో మన వీధి మొత్తానికి నువ్వు మాస్టారిగారి ఆవిడవి. బాబాయికి ప్రమోషన్ వచ్చిన రోజునే నీకూ వచ్చింది, హెడ్మాస్టారిగారి ఆవిడవయ్యావు. ముప్పై ఏళ్లుగా లేసు అల్లుతున్నావు. చెల్లాయి ఫీజుల్లో సగం ఆ సూది మీద వచ్చినవే. అయినా ఇంటికి ఎవరొచ్చినా "ఊరికే కూర్చోలేక అల్లుకుంటూ ఉంటుందండీ" అనే కదా బాబాయి చెప్పేది!

సరే, అసలు సంగతికి వస్తాను. ఆడమ్ ఒకరోజు మెర్సీ తన జంట అని గుంపు ముందు చెప్పేస్తాడు. ఆమెని అడగడు. తన తోడేళ్లు ఆమె జోలికి పోకుండా ఉండాలని అలా చేశాడు, దుర్మార్గుడేం కాదు. రచయిత్రి అతన్ని విలన్ని చేసి ఉంటే నాకు ఇంత ఆలోచన ఉండేది కాదు. మనల్ని ప్రేమించేవాడు, మన మంచి కోరేవాడు మన తరఫున "సరే" అనేస్తే ఎవరి మీదని కోప్పడతాం?

నా భీమవరం సంబంధం గుర్తుందా? నేను హాస్టల్లో పరీక్షలు రాసుకుంటుంటే ఇంటి దగ్గర "అమ్మాయికి ఇష్టమే" అని నాన్న మాటిచ్చేశారు. ఇంటికొచ్చేసరికి తాంబూలాలకి రోజు కూడా చూసేశారు. నేనేం మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు. మిగతా సగం ఎవరిచ్చారో ఎవరికీ పట్టలేదు. దొడ్లో గిన్నెలు తోముతూ "నీకెలా ఉందే?" అని అడిగింది నువ్వొక్కదానివే. నేను ఏడ్చాను, నువ్వు వెళ్లి నాన్నతో చెప్పావు. ఆ తర్వాత ఆర్నెల్లు నాన్న నీతో మాట్లాడలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంకొకావిడ, కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్, కెనడా రచయిత్రి. 2001లో వచ్చిన ఆవిడ నవలలో ఎలీనా అనే అమ్మాయిని ప్రేమించినవాడే కరుస్తాడు. చెప్పకుండా, అడగకుండా. ఆ ఒక్క కాటుతో ఆమె జన్మంతా తోడేలు. పదేళ్లయినా ఆ కోపం చల్లారదు, ప్రేమా చావదు. ఆ గుంపులో ఆడతోడేలు ఆమె ఒక్కతే. అయితే తర్వాతి పుస్తకాలకి వచ్చేసరికి నాయకుడు తన తర్వాత ఆమే నాయకురాలు అంటాడు. నాకు ఇది బ్రిగ్స్ కథల కంటే నచ్చింది. కాటుని క్షమించారా లేదా అన్నది మాత్రం చదివిన ప్రతిసారీ నాకు వేరేగా అనిపిస్తుంది.

చెల్లాయి ఫోన్లో చదివేవి వీటంత బాగుండవు, నిజం చెబుతున్నా. వాటిల్లో ఎక్కువగా ఒకే వరస. నాయకుడు వాసన పట్టి "ఇది నాది" అంటాడు, రాసిపెట్టి ఉందంటారు, అయిపోయింది. మనవాళ్ల బ్రహ్మరాతే, తోక తగిలించారంతే. అడిగితే "తోడేళ్ల స్వభావమే అంత" అంటారు. అదీ అబద్ధమే పిన్నీ. జూలో బంధించిన తోడేళ్లు కొట్టుకోవడం చూసి, 1947లో షెంకెల్ అనే ఆయన గుంపులో కొట్లాడి నెగ్గినదానిదే పెత్తనం అని రాశాడు. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త కూడా 1970 నాటి తన పుస్తకంలో అదే రాశాడు. తర్వాత ఆయనే కెనడా ఉత్తర కొసన మంచు దీవిలో ఏళ్ల తరబడి వేసవుల్లో అడవి తోడేళ్లని చూసి, గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ, అంతేనని 1999లో చెప్పాడు. ఆ పాత పుస్తకం ఇక అచ్చు వెయ్యొద్దని ప్రచురణకర్తల్నే బతిమాలుకున్నాడు. ఈ సంగతి కథలు రాసేవాళ్లకి ఇంకా అందినట్టు లేదు!

నువ్వు ఫోన్ లాక్కుందామనుకుంటున్నావు. వద్దు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. నేను దాంతో మాట్లాడాను. "అలా అడగకుండా జంట కట్టేస్తుంటే నీకేమనిపిస్తుందే?" అన్నాను. ఏమందో తెలుసా? "రాసిపెట్టి ఉంటే ఉండనీ అక్కా, ఒక్క మాట అడిగితే వాడి తోక ఊడిపోతుందా?" నవ్వాగలేదు నాకు. దొడ్లో గిన్నెల దగ్గర నువ్వే కనబడ్డావు.

కవరు మీద కేరాఫ్ మాస్టారుగారు అని రాయలేదు, నీ పేరే రాశాను. పోస్టుమాన్ ఆ పేరు ఎవరిదని వీధంతా అడుగుతాడేమో. నువ్వు అరుగు మీదే కూర్చుని లేసు అల్లుతుంటావు కాబట్టి, వినబడితే నాదే అని చెప్పి తీసుకో. అందగానే మిస్డ్ కాల్ ఇవ్వు.

నీ పెద్దపాప