పాత వెండి రూపాయిలన్నీ ఒకటి కావు

ఎడిటర్ గారికి నమస్కారం.

వెండి రేటు ఇంత పెరిగింది, అంత పెరిగింది అని రోజూ పేపర్లో చదువుతున్నాం గానీ, మన ఇళ్లల్లో దాచుకున్న పాత రూపాయిలో అసలు వెండి ఎంతుందో చెప్పేవాళ్లే లేరు. అది తెలియకే మా ఇంట్లో పంపకంలో ఒకరు, అమ్మకంలో ఒకరు నష్టపోయారు, అందుకే రాస్తున్నాను.

అమ్మ పోయాక ఆమె లక్ష్మీపూజలో పెట్టుకునే రూపాయిలు గుడ్డసంచిలో 24 దొరికాయి. అక్షరాల సందుల్లో పసుపు, కుంకుమ గట్టిపడి సంవత్సరం కూడా కనపడలేదు. చేత్తో పట్టుకుంటే అన్నీ ఒకే బరువు అనిపించాయి, తలా ఎనిమిది పంచుకున్నాం. పెద్దక్కకి విక్టోరియా రాణివి వచ్చాయి, నాకు చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయిలు, చెల్లికి జార్జి రాజువి.

పిల్లాడి ఫీజు కోసం చెల్లి తనవి అమ్మబోతే షాపులో సగం వెండికే లెక్కకట్టారు. మోసం చేశారని ఇంటికొచ్చి ఏడ్చింది. తర్వాత తెలిసింది, అక్కడ షాపువాళ్లు చెప్పింది నిజమే. ఆ నాణేల మీద 1944, 1945 అని ఉంది. 1835లో ఈస్టిండియా కంపెనీవాళ్లు తెచ్చిన రూపాయి 11.66 గ్రాములు, అందులో నూటికి 91.67 పాళ్లు వెండి, ఆ లెక్క వందేళ్లకు పైగా మారలేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి వెండికి కరువు రాగానే 1940లో ఒక్కసారిగా సగానికి దించేశారు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింక్. సైజు అదే, బరువు అదే, మీద రాజు బొమ్మా అదే, ఇక మామూలు మనిషికి తేడా ఎట్లా తెలుస్తుంది? సంవత్సరం చూడాలి, లేదా అంచు చూడాలి. పాతవాటికి అంచున నిలువు గీతలే ఉంటాయి, 1940 తర్వాతవాటికి ఆ గీతల మధ్యలో చుట్టూ సన్నటి గాడి ఉంటుంది, దొంగ నాణేలు చేయకుండా పెట్టారది. 1947 రూపాయిలో అయితే వెండే లేదు, మొత్తం నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది.

అసలు బాధ ఇక్కడే. నెల తిరక్కుండా అక్క తన రాణి రూపాయిలు అదే షాపుకి తీసుకెళ్తే "పాత రూపాయిలన్నీ సగం వెండేనమ్మా" అని ఆమెకీ అదే లెక్క కట్టారు! చెల్లికి చెప్పిన నిజాన్నే అక్క దగ్గర అబద్ధంగా వాడుకున్నారు. ఒక్కో రాణి రూపాయిలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉంటే 5.8 గ్రాములకే డబ్బులిచ్చారు. అరుగుదల కొంత తీసేసినా ఎనిమిదింటి మీద ముప్పై గ్రాములకు పైనే పోయింది. గీటురాయి మీద గీయలేదు, వెండి శాతం చూపే మెషిన్‌లో పెట్టలేదు, ఒక్క చీటీ ఇవ్వలేదు.

నా హాలీ సిక్కాల సంగతి ఇంకోరకం. అవి 11.18 గ్రాములే, వెండి 81.8 శాతం. అందుకే నిజాం రాజ్యంలో హాలీ రూపాయి కన్నా కల్దార్‌కి, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయికి, విలువ ఎక్కువ, ఏడు హాలీ రూపాయిలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. యుద్ధం రోజుల్లో వీటిలోనూ వెండి సగానికి దించారు. సంవత్సరం హిజ్రీ లెక్కలో, అంటే ముస్లింల క్యాలెండర్ ప్రకారం ఉంటుంది కాబట్టి చదవడం వచ్చినవాళ్లకి చూపించుకోవాలి.

2023లో ఎన్టీఆర్ గారి బొమ్మతో వంద రూపాయల నాణెం తెచ్చినప్పుడు అందులో సగమే వెండి, మిగతాది రాగి, నికెల్, జింక్ అని ప్రభుత్వం ముందే చెప్పింది. 1940 నాటి లెక్కే అది. కొనేవాడికి తెలిసే కొన్నాడు. మరి పాత నాణెం కొనే షాపు ఆ మాత్రం ఎందుకు చెప్పదు? బంగారు నగలకి 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ వచ్చారు, వెండికి 2025 సెప్టెంబర్లో హాల్‌మార్క్‌తో పాటు నంబర్ వేసే పద్ధతి తెచ్చి ఇష్టమున్నవాళ్లు వేసుకోండి అని వదిలేశారు. వెండికీ తప్పనిసరి చేయాలి. పాత నాణేలు కొనే ప్రతి షాపూ ఒక్కోదాన్నీ మెషిన్‌లో పెట్టి, అందులో వచ్చిన శాతం చీటీ మీద రాసివ్వాలి. తూనికలు కొలతలవాళ్లు పండగ ముందు ఒక్కసారైనా షాపులు తిరిగి చూడాలి.

మీరు కూడా ధనత్రయోదశి ముందు ఈ నాణేల ఫొటోలు, అంచుల ఫొటోలతో సహా పెద్దగా వేయండి. మేమైతే నా ఎనిమిదీ, చెల్లి అమ్మకుండా ఉంచుకున్న మూడూ ముందరేసుకుని, ఈసారి సంవత్సరాలు చూసి, వెండి లెక్కతో మళ్లీ పంచుకున్నాం.

– ఒక పాఠకురాలు, కరీంనగర్