ఒరేయ్ బావా, జూన్‌లో డిస్నీ అంటే ముసురులో తిరునాళ్ళే

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి నీ వాయిస్ మెసేజ్ విన్నా. తొమ్మిది నిమిషాలుంది, అందులో మూడు నిమిషాలు మీ ఇంట్లో కుక్కర్ విజిల్సే. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇక్కడ అప్పటికే పదకొండున్నర, మా ఆవిడ లైట్ ఆర్పేసింది, అందుకే పొద్దున్నే రైల్లో కూర్చుని టైపు చేస్తున్నా. పొడుగైపోతే తిట్టకు, కాలేజీలో నీ రికార్డులన్నీ రాసిచ్చినోణ్ణి, ఇదో లెక్కా.

నాకు అర్థమైన నీ ప్లాన్ ఇదీ. జూన్ 6న టోక్యోలో దిగడం, 7, 8 డిస్నీ, 9న ఊరు చూడ్డం, 11కల్లా బెజవాడలో పడి 12న చిన్నోణ్ణి స్కూల్లో దింపడం. ఆ ట్రావెల్స్ ఆయనెవరో "జూన్ అంటే అక్కడ సమ్మర్ సార్, ఎండ చాలా ప్లెజంట్‌గా ఉంటది" అన్నాడని మూడుసార్లు చెప్పావు. ఆయన ఎప్పుడైనా ఇటు మొహాన వచ్చాడా అని అడుగు ఒకసారి.

జూన్ 7 అంటే మనకి ఏంట్రా? మృగశిర. అత్తయ్య చేపల పులుసు పెట్టే రోజు. ఇక్కడి వాతావరణ శాఖ వాళ్ళు 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ళు లెక్కేసి తీసిన సగటు చూస్తే టోక్యో వైపు వానాకాలం మొదలయ్యేది కూడా సరిగ్గా జూన్ 7నే, పోయేది జూలై 19న. అంటే నువ్వు అక్కడ ఎండలకి తాళలేక పారిపోయి ఇక్కడ వాన మొదలయ్యే రోజుకి గొడుగు లేకుండా దిగుతున్నావన్నమాట, ముహూర్తం పెట్టించుకున్నట్టు.

దీన్ని త్సుయు అంటారు. ఉమే అని పుల్లటి కాయలుంటాయి, అవి పండే టైమ్‌లో పడే వాన కాబట్టి రాసేటప్పుడు ఉమే వాన అని రాస్తారు. మనకి ఆవకాయ సీజన్ ఎలాగో వీళ్ళకి జూన్‌లో ఉమే ఊరగాయ సీజన్ అలాగ, సూపర్ మార్కెట్‌లో కాయలు, ఉప్పు, గాజు జాడీలు ఒకే చోట పేర్చి పెడతారు, చూస్తే మన ఇల్లు గుర్తొస్తది. సరే విషయానికొస్తే, ఉత్తరాన ఓఖోట్స్క్ సముద్రం మీద నుంచి చల్లగాలి, కింద పసిఫిక్ నుంచి వేడిగాలి, ఈ రెండూ వచ్చి జపాన్ నెత్తి మీద నిలబడి, పెళ్ళిలో పంతం పట్టిన వియ్యంకుల్లాగ ఒకళ్ళు తగ్గితే గదా, ఆ మధ్యన గీత లాగ మబ్బు పట్టి నెలకి పైగా కదలదు. చివరికి వేడి వియ్యంకుడు గెలుస్తాడు, అప్పుడు అసలు ఎండాకాలం మొదలవుద్ది.

కానీ నువ్వు వాన అనగానే బుడమేరు ఊహించుకుంటావ్. 2024లో అంత చూసినోడివి గదా. ఇది అలాంటిది కాదు బావా. ఇది ముసురు. అచ్చమైన ముసురు. పొద్దున తుంపర, మధ్యాహ్నం ఆగినట్టే ఆగి సాయంత్రం మళ్ళీ జల్లు, బట్టలు ఆరవు, గోడకి బూజు, అప్పడం ప్యాకెట్ విప్పిన పది నిమిషాలకే మెత్తబడిపోద్ది. టోక్యోలో జూన్ నెల మొత్తానికి పడేది సగటున 170 మిల్లీమీటర్ల లోపే, మనకి గట్టి వాయుగుండం పట్టిందంటే ఒక్క రోజులో దింపేసి పోద్ది అంత. మధ్యలో రెండు మూడు రోజులు ఎండ కూడా కాస్తది, దానికి త్సుయు నకయసుమి అని పేరు, అంటే వాన ఇంటర్వెల్ తీసుకుందని. ఒక్కో ఏడాది వానే లేకుండా పోద్ది, దానికీ ఒక పేరుంది, కర త్సుయు, ఉత్త ముసురని.

2022లో అయితే కామెడీ. జూన్ 27నే వానాకాలం అయిపోయిందని ప్రకటించేశారు, టోక్యోలో వరసగా తొమ్మిది రోజులు 35 డిగ్రీలు దాటింది, జనం సొమ్మసిల్లారు, ఆ తర్వాత జూలైలో మళ్ళీ వాన పట్టుకుంది. సెప్టెంబర్‌లో వాళ్ళే మళ్ళీ లెక్క చూసుకుని "కాదులెండి, అసలు జూలై 23న అయిపోయింది" అని దిద్దారు. వాళ్ళకే అలా ఉంటే మీ ట్రావెల్స్ ఆయన ఎంత చెప్పు.

(నేను దిగే స్టేషన్ ఓతెమాచి వచ్చేసింది, మిగతాది రేపు.)

ఆఁ, మళ్ళీ ఎక్కా. ఇవాళ సీటు దొరికింది.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. నువ్వు వాన గురించి భయపడుతున్నావ్, నన్నడిగితే డిస్నీకి వాన కంటే గాలి డేంజర్. ఆ పార్కు పేరుకే టోక్యో, ఉన్నది చిబాలో, ఉరయాసు అని, సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద 1983లో కట్టారు, 2001లో పక్కనే డిస్నీసీ అని రెండో పార్కు. మూడు పక్కల నుంచి సముద్రం గాలి. మొన్న మే నెలలో నేను, మా ఆవిడ వెళ్ళాం, ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు, నక్షత్రాలు కనపడుతున్నాయ్, కోట ముందు చోటు కోసం గంటంబావు నేల మీద కూర్చున్నాం, తీరా టైమ్‌కి మైకులో పైన గాలి ఎక్కువగా ఉంది కాబట్టి ఇవాళ టపాసులు లేవు అని ఎంతో మర్యాదగా చెప్పారు. మా చుట్టూ ఉన్న జపాన్ వాళ్ళు "ఆఁ..." అని చిన్నగా ఒక్క నిట్టూర్పు విడిచి చాపలు మడతపెట్టుకుని వెళ్ళిపోయారు, మా ఆవిడ ఒక్కతే ఇంకో పది నిమిషాలు ఆకాశం వైపు చూస్తా కూర్చుంది. డిస్నీసీలో రాత్రి నీళ్ళ మీద వేసే షో కూడా గాలికే ఎక్కువ పోద్ది. పైగా పార్కుకి వెళ్ళే కేయో లైన్ రైలు గట్టి గాలి వీచిందంటే లేటవ్వడమో ఆగడమో ఖాయం, ఇక్కడ ఉన్నోళ్ళందరికీ తెలిసిన సంగతే. అందుకే మీరు మేముండే నిషికసాయ్‌లో దిగారంటే నాకు ధైర్యం, పక్కనే కసాయ్ స్టేషన్ నుంచి బస్సుంది, అదీ కాకపోతే టాక్సీకి కూడా మరీ దూరం కాదు.

వానైతే అంత నష్టం లేదురా. పోయినేడు జూన్ రెండో వారంలో మా అక్కావాళ్ళు వచ్చినప్పుడు రోజంతా ముసురే. జనం పల్చబడ్డారు, గంటన్నర ఉండే లైన్లు అరగంటకి దిగాయి. డిస్నీల్యాండ్‌లో లోపలికి వెళ్ళగానే షాపుల వీధి ఉంటది, దాని మీద మొత్తం అద్దాల కప్పు వేసేశారు, ఈ ఊరి వానలు తెలిసినోళ్ళు గాబట్టి. డిస్నీసీలో అయితే మెర్మెయిడ్ లగూన్ అని మూడేళ్ళ పిల్లలకి సరిపోయే ఆటలు సగం పైన కప్పు కింద, లోపలే ఉంటాయి, మీ బుజ్జిదాన్ని అక్కడ వదిలితే బయట తుఫానొచ్చినా దానికి పట్టదు. 2024 జూన్‌లో తెరిచిన కొత్త భాగంలో ఫ్రోజెన్ సినిమా పడవ ఆట కూడా లోపలే. ఆరుబయట తిరిగే రోలర్ కోస్టర్లే గట్టి వానకి, ఉరుములకి ఆపేస్తారు.

రాత్రి లైట్ల ఊరేగింపు మాత్రం వానొస్తే ఉండదు, దాని బదులు నైట్‌ఫాల్ గ్లో అని చిన్నది ఒకటి తీస్తారు, బొమ్మలన్నీ మెరిసే రెయిన్‌కోట్లు వేసుకుని వస్తాయి. మా బావ "ఇంతేనా" అన్నాడు, మా అక్క కూతురికి మాత్రం ఇప్పటికీ అదే గుర్తు, ఎందుకంటే కింద తడి నేల మీద ఆ రంగు దీపాలన్నీ ఇంకోసారి తలకిందులుగా కనపడుతున్నాయి, అది ఊరేగింపు వదిలేసి నేల వైపే చూస్తా నిలబడింది. అంతకుముందు సాయంత్రం కాసేపు తెరిపిస్తే పనోళ్ళు ఇరవై మంది దాకా తువ్వాళ్ళు, వైపర్లు పట్టుకొచ్చి బెంచీలు, దారి అంతా తుడిచారు, ముగ్గు వేసే ముందు వాకిలి తుడిచినట్టు. తుడిచిన పావుగంటకి మళ్ళీ జల్లు. మళ్ళీ తుడిచారు. నాకైతే ఊరేగింపు కంటే అదే బాగుంది.

నా ఖర్మ ఏంటంటే ఆ రోజు గుడ్డ బూట్లు వేసుకెళ్ళా. పది గంటలకల్లా తడిసి, రాత్రి తొమ్మిదింటి దాకా అవే, నడుస్తుంటే పిచక్ పిచక్ అని చప్పుడు, రైల్లో నా పక్కన సీటు ఖాళీగా వదిలేశారు. ఇంటికొచ్చి లోపల పేపర్లు కుక్కి రెండు రోజులు పెట్టినా ఆ వాసన పోలేదు, చివరికి మా ఆవిడ చెత్తలో వేసేసింది. అందుకే చెప్తున్నా, అందరికీ రెండో జత చెప్పులు, సాక్సులు బ్యాగులో ఉండాల్సిందే. రెయిన్‌కోట్లు అక్కడ కొనొద్దు, ఇక్కడ 110 యెన్ల షాపులో నేనే తెచ్చి పెడతా, పిల్లలకి గొడుగు కంటే అదే నయం, ఊరేగింపు చూసేచోట గొడుగు తెరవనివ్వరు కూడా. పెద్దోళ్ళకి గొడుగులు నా దగ్గరున్నాయ్, అందరూ వాడే ఆ అద్దం లాంటి ప్లాస్టిక్‌వే, హోటల్ బయట స్టాండులో యాభై పెడితే యాభై ఒకేలాగ ఉంటాయ్, అందుకని నేను పిడికి కాశీ దారం కట్టుకున్నా, ఇంతవరకు పోలా.

ఇంకో తమాషా. మీకు చలేస్తది చూడు. జూన్‌లో ఇక్కడ పగలు 26, రాత్రి 18, 19. ఇరవయ్యారుకే ఇక్కడోళ్ళు చేతి ఫ్యాన్లు పట్టుకుని ఆయాసపడుతుంటే బెజవాడోళ్ళం మనకి నవ్వొస్తది, కాకపోతే చెమ్మ వల్ల ఉక్కపోత మన సముద్రం ఊళ్ళ లాగే. రాత్రి ఆ ఒడ్డున తడి బట్టలతో గాలికి నిలబడితే మాత్రం పళ్ళు టకటకలాడతాయ్. అత్తయ్యకి స్వెట్టర్, మఫ్లర్ పెట్టమని చెల్లెమ్మకి చెప్పు. పులిహోర కూడా చేసుకుని రండి గానీ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, గేటు బయట పిక్నిక్ స్థలం ఉంది, అక్కడ తినేసి మళ్ళీ వెళ్ళడమే.

నువ్వు అడిగిన ఒసాకా సంగతి, అక్కడ వానాకాలం సగటున ఇంకో రోజు ముందే, జూన్ 6న. కాబట్టి అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో మారియో కోసం అటు పారిపోయినా తడవడం తప్పదు, మారియో ఉండే ఆ నింటెండో భాగం చాలావరకు ఆరుబయటే. పైగా 2023 జూన్ 2న గట్టి వానకి టోక్యో, నగోయా మధ్య బుల్లెట్ రైళ్ళే ఆగిపోయాయి, జనం స్టేషన్లో పడుకున్నారు. ఆరు రోజుల ట్రిప్పులో రెండు ఊళ్ళు పెట్టుకోకు.

"పోనీ స్కూల్ ఒక వారం ఎగ్గొట్టి 13 నుంచి 18 దాకా వస్తే" అన్నావ్ చూడు, అది ఇంకా తెలివైన ప్లాన్. జూన్ 15 చిబా రాష్ట్రం రోజు, అక్కడి గవర్నమెంట్ స్కూళ్ళు చాలావాటికి సెలవు, పిల్లలందరూ ఎక్కడికెళ్తారో వేరే చెప్పాలా.

నా మాట విను. మే 20 నుంచి 28 లోపు రా. ఇక్కడ గోల్డెన్ వీక్ అని వరస సెలవులుంటాయి, ఆ రద్దీ మే 6వ తేదీకల్లా అయిపోద్ది, ముసురు ఇంకా పట్టదు. యూనిఫాంలు వేసుకున్న స్కూలు పిల్లల గుంపులు ఉంటాయ్, అవి తప్పవు. అక్కడ రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతున్న టైమ్‌లో ఇక్కడ పగలు 24, 25. గాలి రిస్కు ఉంటది, అది ఏ నెలయినా ఉంటది. డిస్నీ తేదీ మాత్రం ఇప్పుడే ఫిక్స్ చెయ్యకు. టికెట్లు రెండు నెలల ముందు తెరుస్తారు, పెద్దోళ్ళకి రోజును బట్టి 7,900 నుంచి 10,900 యెన్లు, బుజ్జిదానికి మూడేళ్ళే గాబట్టి ఫ్రీ. వానొచ్చింది డబ్బులు ఇవ్వండి అంటే ఇవ్వరు. కాబట్టి శని, ఆదివారాలు వదిలేసి రెండు మూడు రోజులు ఖాళీగా పెట్టుకుని, మీరు విమానం ఎక్కే ముందు నేను ఫోర్‌కాస్ట్ చూసి కొంటా. ఇక్కడ వారం ఫోర్‌కాస్ట్‌కి పక్కనే నమ్మకం ఎంతో కూడా వేస్తారు, ఏ, బీ, సీ అని, మన పరీక్ష గ్రేడుల్లాగ. సీ అని ఉంటే నేను పట్టించుకోను. వాన 60 శాతం అంటే కూడా రోజంతా పడుద్దని కాదు, ఆ రోజు మొత్తంలో ఒక మిల్లీమీటరైనా పడే అవకాశం అంత అని, అంతే.

ఇక్కడ ఎక్కడికెళ్తే అక్కడ వాన తెచ్చేవాణ్ణి అమె-ఒతోకో అంటారు, వానమనిషని. పాపికొండలు, అరకు, మీ పెళ్ళి... నువ్వేరా అది. మా పాపకి చెప్తే ఇప్పటికే టిష్యూ పేపరు ఉండచుట్టి, గుడ్డ కప్పి, మెడకి దారం కట్టి తెరు తెరు బోజు బొమ్మ చేసి కిటికీకి వేలాడదీసింది, వాన రాకుండా. మనూళ్ళో వాన కోసం కప్పని ఊరేగిస్తారు, వీళ్ళు వాన వద్దని బొమ్మని ఉరేస్తారు. నీకోసం రెండోది కూడా చేస్తానంటోంది, ఒకటి సరిపోదంట.

ఆదివారం లోపు చెల్లెమ్మతో మాట్లాడి తేదీలు చెప్పు, ఆ ట్రావెల్స్ ఆయనకి అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టకు. గోంగూర తెస్తే ప్లాస్టిక్ డబ్బాలో తీసుకురా, సీసాలో వద్దు, పోయినసారి మా బావ సూట్‌కేస్‌లో పగిలితే రెండు చొక్కాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయ్.

ఉంటా మరి,
నీ బావ