చిల్లులు పూడ్చేశారు, సంతోషమా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ సిటీ పేజీలో ప్రదర్శనకి పెట్టిన పాతకాలం సైనికుల తోలు సామాను రిపేరు చేయించారని వచ్చిన వార్త చదివినప్పట్నుంచి రాద్దామా వద్దా అనుకుంటూ ఉన్నా, ఇంక ఆగలేక రాస్తున్నా. అశ్వికదళం (గుర్రపు సిపాయిల) జీనులు, పట్టీలు "ఇష్టమొచ్చినట్టు చిల్లులు పొడిచి, ముక్కలు అతికించి" పాడైపోయి ఉంటే అధికారులు దయతలచి బాగు చేయించారట. అయ్యా, అక్కడ చూడాల్సిందే ఆ చిల్లుల్ని!

నేను ఆర్మీలో సాడ్లర్‌గా, అంటే గుర్రపు జీనులు, పట్టీలు కుట్టి బాగుచేసేవాడిగా, చేసి రిటైరైనవాణ్ణి. మనసాగక వెళ్లి చూసొచ్చా. గుర్రం పొట్ట కింద బిగించే పట్టీకి ఉన్న అదనపు చిల్లుల్ని లప్పం లాంటిదేదో పెట్టి పూడ్చి, పైన నల్ల బూట్ పాలిష్ దట్టించారు. అసలది బ్రౌన్ తోలు, ఆ సంగతి పక్కన పెట్టండి. ఒక్క చిల్లు మాత్రం వాళ్ల కంట పడలేదు, వంకరగా ఉంది, అంచు చిరిగి ఉంది, అది ఫ్యాక్టరీ పంచ్ కాదు, ఎవడో సిపాయి ఆరెతో, అదే తోలుకి చిల్లులు పొడిచే పనిముట్టుతో, పొడిచాడు. ఎందుకు పొడుస్తాడు? నెలల తరబడి దాణా సరిగ్గా లేక తిరిగిన గుర్రం చిక్కిపోతుంది, పట్టీ వదులవుతుంది, జీను జారి వీపు పుండు పడుతుంది. కొత్త పట్టీ కావాలని ఇండెంట్ (అర్జీ) రాసి స్టోర్ కీపర్ సంతకం కోసం ఎదురుచూస్తాడా వాడు? ఇంకో చిల్లు పొడిచి బిగించుకుంటాడు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1870లలో అశ్విక సైనికులకి తూటాలు పెట్టుకోడానికి సర్కారు ఇచ్చిన తోలు పెట్టెలు సరిపోక, వాళ్లే బెల్టుకి వరసగా లూపులు కుట్టుకునేవాళ్లు. తోలు పదును చేసేటప్పుడు వాడే టానిన్ అనే పదార్థం వల్ల రాగి తూటాలకి చిలుము పట్టేది, పేల్చాక కార్బైన్‌లో (పొట్టి తుపాకీలో) ఇరుక్కునేవి, అందుకని గుడ్డ లూపులు వాడారు. చివరికి 1876లో ఆర్మీ కూడా దారికొచ్చి కాన్వాస్ తొడిగిన బెల్టు ఇచ్చింది. అంటే సిపాయి ముందు చేశాడు, ఆఫీసు వెనక ఒప్పుకుంది, ఎప్పుడూ ఇంతే కదా.

ఇంకో ఘనకార్యం. బ్రిటిష్ అశ్వికదళానికి 1903 నమూనా బ్యాండోలియర్ ఉండేది, అంటే భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా వేసుకునే తూటాల పట్టీ, తొమ్మిది జేబులు, 90 తూటాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో అది చాలక గుర్రం మెడకి ఇంకోటి వేసేవాళ్లు. దాన్ని ఇక్కడ బొమ్మ సిపాయి నడుముకి ఒడ్డాణంలా చుట్టి కింద "ఆఫీసర్ బెల్ట్" అని బోర్డు! మీ పేపర్లో ఫోటో కూడా వేశారు, క్యాప్షన్ యథాతథం. డెస్క్‌లో ఒక్కరికీ అనుమానం రాలేదా?

మైసూర్ లాన్సర్లు (మైసూర్ సంస్థానం గుర్రపు దళం) 1918 సెప్టెంబర్ 23న జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా గెలిచారని ఏటా దండలేసి స్పీచ్‌లు దంచుతారు. ఆ కాలపు సిపాయి వాడిన సామాను చేతికిస్తే మాత్రం ఇదీ మర్యాద. ఈ ఊళ్లో పాతది ఏది కనపడినా పెయింట్ కొట్టాల్సిందే, గుడి రాతిస్తంభాలకి ఎనామిల్, చెరువు గట్టుకి టైల్స్, మధ్యలో నాయకుడి పేరుతో శిలాఫలకం. బిల్లు పాసవ్వాలిగా మరి. పక్కనే చెన్నైలో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది, అడయారులో, ఒక్క ఫోన్ చేస్తే తోలుకి ఏం రాయాలో ఏం రాయకూడదో చెప్పరూ? కాంట్రాక్టర్‌కి అప్పజెప్పడమే సులువు.

బీరువాలో ఇంకా సగం సామాను ఉందని, రెండో విడత టెండర్ వస్తోందని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. దాన్నైనా ముట్టుకోకముందు తోలుపని తెలిసినవాణ్ణి ఎవర్నైనా పిలవమనండి. ఎవరూ దొరక్కపోతే నేనే వస్తా, ఆటో చార్జీ కూడా అడగను.

— ఒక రిటైర్డ్ సాడ్లర్, ఆర్.టి.నగర్, బెంగళూరు